అరువిచ్చిన గొంతు

డబ్బింగ్ థియేటర్‌కి కొత్తగా వచ్చిన అమ్మాయికి మొదట నేర్పేది పవర్గం. ప, ఫ, బ, భ, మ. ఇవి పలకాలంటే పెదవులు కలవక తప్పదు. తెర మీద హీరోయిన్ పెదవులు మూసిన చోట మనం ‘త’ అనో ‘న’ అనో అంటే, ఎక్కడ తేడా వచ్చిందో ప్రేక్షకుడు చెప్పలేడు గానీ వచ్చిందని మాత్రం పసిగట్టేస్తాడు.

ఒకసారి కాగితం మీద “వెళ్తాను” అని ఉంది. తండ్రితో తెగతెంపులు చేసుకుని గడప దాటే కూతురి మాట. తెర మీద ముంబయి అమ్మాయి మాత్రం చివర్లో పెదవులు కలిపింది. సెట్లో ఏమందో ఎవరికీ గుర్తు లేదు, అక్కడ రికార్డయిన పైలట్ ట్రాక్ నిండా జనరేటర్ మోత. అటు తిప్పీ ఇటు తిప్పీ “వెళ్తాను మరి” అన్నాం. అతికినట్టు కుదిరింది. సౌండ్ ఇంజనీర్ బొటనవేలెత్తాడు, అందరం టీ తాగాం. కాని ఆ ఒక్క ‘మరి’తో పిల్ల మారిపోయింది. రచయిత రాసినామె తెంచుకుని పోతోంది, మేం మాట్లాడించినామె సెలవడుగుతోంది. సినిమా చూసినవాళ్లకు తెలిసింది రెండో ఆమే.

ఇలాంటివి తలచుకున్నప్పుడల్లా, ఆ పాత్ర వేసింది ఎవరని నాకు నేనే అడుగుతుంటాను.

మన సినిమా మాటలు నేర్చిన 1932లో ఈ ప్రశ్నే లేదు. ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా వేసిన సురభి కమలాబాయి లాంటి వాళ్లు నాటకాల నుంచి వచ్చారు. వేషం, మాట, పాట అన్నీ ఒకే మనిషివి. తర్వాత ప్లేబ్యాక్ వచ్చి నటి నుంచి పాటను విడదీసింది. భానుమతి గారు మాత్రం చివరిదాకా రెండూ తన దగ్గరే పెట్టుకున్నారు. అప్పట్లో స్టూడియో ఫ్లోర్ మీద పెద్ద కెమెరాలు చప్పుడు బయటికి రాకుండా తొడుగు వేసుకుని నడిచేవి, మాట అక్కడికక్కడే రికార్డయ్యేది. అవుట్‌డోర్ షూటింగులు పెరిగాయి, చేత పట్టుకుని తిరగగలిగే ఆరిఫ్లెక్స్ కెమెరాలొచ్చాయి. వాటి గరగరలో మాట పనికిరాకుండా పోయింది. ఎలాగూ మళ్లీ చెప్పాలి కదా, చెప్పేది ఆ నటే కానక్కర్లేదన్న ఆలోచన రావడానికి ఎంతోసేపు పట్టలేదు. తెలుగు రాని అందగత్తెలకు అక్కడే దారి తెరుచుకుంది. నాలాంటి వాళ్లకు బియ్యం కూడా అక్కడే దొరికాయి, ఆ మాట దాచి నీతులు చెప్పడం నా వల్ల కాదు.

నేను ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం నాటకాల నుంచి వచ్చినదాన్ని. శారదా శ్రీనివాసన్ గారి గొంతు వింటూ పెరిగిన తరం మాది. రేడియోలో ఊపిరి నీది, ఎక్కడ ఆగాలో నీ ఇష్టం. డబ్బింగ్‌లో ఊపిరి ఇంకొకరిది. అందుకే నేను పెదవుల్ని ఎక్కువ చూసేదాన్ని కాదు. మెడ కింద, రెండు ఎముకల మధ్య గుంట ఉంటుంది చూడండి, మాట రాబోయే ముందు అది లోపలికి పోతుంది. దాన్ని చూసి నేనూ గాలి పీల్చేదాన్ని. ఊపిరి కలిస్తే పెదవులు చాలావరకు వాటంతటవే కలుస్తాయి. ఎవరూ చెప్పలేదు ఇది. ఏడుపు సీన్లు చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్నాక తెలిసింది.

నాకు ముందు నడిచినవాళ్లేమైనా సామాన్యులా? ‘మరోచరిత్ర’ కథానాయిక సరిత, 1967 ‘భక్త ప్రహ్లాద’లో చిన్నారి ప్రహ్లాదుడు రోజారమణి. ఇద్దరూ నటులుగా పేరు తెచ్చుకుని, ఆ తర్వాత ఏళ్ల తరబడి పక్కవాళ్ల ముఖాలకు ప్రాణం పోశారు. రాష్ట్ర ప్రభుత్వం నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకు చోటిచ్చింది, అది మనవాళ్ల మంచి పని. జాతీయ అవార్డుల్లో ఆ విభాగమే లేదు.

మొదట్లో మేమంతా ఒకే మైకు చుట్టూ నిలబడేవాళ్లం. ఫిల్మ్ ముక్కను లూప్‌గా అతికించి తిప్పుతుంటే ఒకరు తడబడితే అందరూ మళ్లీ మొదటి నుంచి. తిట్లు పడేవి. కాని ఎదుటివాడు కోపంగా అంటేనే మన జవాబులోకి కోపం వచ్చేది. ఇప్పుడు ఎవరి ట్రాక్ వారిది, హీరో పొద్దున వచ్చి చెప్పి పోతాడు, నేను సాయంత్రం ఇయర్‌ఫోన్స్‌లో అతనితో పోట్లాడతాను. కంప్యూటర్‌లో మాటను సాగదీయొచ్చు, కుదించొచ్చు. పని తేలికైంది, దాన్ని కాదనను. తగువులోని వేడి మాత్రం తగ్గింది.

మాది జనగామ దగ్గర పల్లె. ఇంట్లో మాట్లాడే మాటకీ మైకు ముందు మాటకీ మధ్య నేనే గోడ కట్టుకున్నాను. ఆ రోజుల్లో మా అమ్మ మాట తెర మీద వినపడితే అది రౌడీ నోట్లోనో, నవ్వించే పనిమనిషి నోట్లోనో. 1988 నాటి ‘దాసి’ లాంటివి లేకపోలేదు, అర్చన గారికి జాతీయ అవార్డు తెచ్చిన సినిమా. కాని అవి పండగ నాటి ముచ్చట్లు. నిత్యం తిండి పెట్టేది మరో రకం సినిమా. అందులో హీరోయిన్ పుట్టింది ఏ ఊళ్లో అయినా మాట మాత్రం ఒకటే, ఏ ఊరిదీ కాని మాట. దాన్ని నేను బాగా పలికేదాన్ని. బాగా పలికానని మెచ్చుకుంటే ఇంటికొచ్చి గర్వంగా చెప్పేదాన్ని, మా అమ్మకు.

ఆమె ఏమీ అనేది కాదు.

హీరోయిన్లకు నా గొంతు ముదిరిందని పిలుపులు తగ్గుతున్నప్పుడు, ముఖం కావాలన్నవాళ్లు వచ్చారు. తల్లి వేషం. తెలంగాణ పల్లె కథ. మొదటి రోజు సీను: మొగుడితో గొడవపడి కూతురు పుట్టింటికొస్తుంది, నేను వాకిట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటాను. కాగితంలో ఉన్నది “ఏమైందమ్మా, ఎందుకిలా వచ్చావు?” అని. చెప్పాను. శుభ్రంగా, చివరి అక్షరం దాకా గంటలా. మానిటర్‌లో చూసుకుంటే ఒళ్లు జలదరించింది. అక్కడ కూర్చున్న ముసలామె నోట్లోంచి ఇరవై ఏళ్ల పిల్ల మాట్లాడుతోంది, నేను ఎన్నో సినిమాల్లో అరువిచ్చిన పిల్ల.

ఆ కుర్ర డైరెక్టర్‌ని అడిగాను, మా అమ్మ అనేలా ఒకసారి అంటానని. ఈసారి తలెత్తలేదు. చేతిలో కాయ చివర తుంచి, ఈనె లాగి, “ఒక్కదానివే వచ్చినవా బిడ్డా?” అన్నాను. అంతే. చివరి మాట కాస్త నోట్లోనే ఉండిపోయింది. సౌండ్ చూసే అబ్బాయి సరిగా వినపడలేదన్నాడు. డైరెక్టర్ ఉంచుదామన్నాడు. అల్లుడు రాలేదని ఆ తల్లికి వాకిట్లోనే తెలిసిపోయింది, ఎందుకు రాలేదో అన్నం పెట్టాక అడుగుతుంది. ఇది నా నటన కాదు, మా వాడకట్టులో ఏ ఇంట్లోనైనా ఇంతే.

‘ఫిదా’ వచ్చాక పరిశ్రమ చెవి మారింది. 2017లో నీలగిరుల పిల్ల సాయిపల్లవి తన గొంతుతోనే బాన్సువాడ అమ్మాయిగా మాట్లాడింది. అంతకుముందే 2011లో ‘అలా మొదలైంది’లో నిత్యామీనన్ తన మాట తనే చెప్పుకుంది. ఇక 2023లో ‘బలగం’ చూసి మా ఊరివాళ్లు ఇది సినిమా కాదు, మన ఇల్లే అన్నారు. సంతోషమే. కాని వెంటనే మరో ముచ్చట మొదలైంది. “అమ్మా, కొంచెం తెలంగాణ దట్టించండి” అంటారు ఫోన్లో. ఏ తెలంగాణ బాబూ? జనగామ మాట ఆదిలాబాద్ మాట కాదు, పాలమూరు మాట కాదు. మసాలాలా పైన చల్లమంటే నేను చేయను. రౌడీకి మాత్రమే మా మాట పెట్టిన సినిమా అయితే అసలే చేయను. ఈ పట్టింపు వల్ల పోయిన వేషాలున్నాయి, వాటిలో ఒకటో రెండో మంచివి కూడా.

అలాగని పరభాషా హీరోయిన్లను ఆడిపోసుకునే వాళ్లతో నేను గొంతు కలపను. నలభై డిగ్రీల ఎండలో అర్థం కాని మాటలు బట్టీపట్టి ఏడవడం ఏమంత తేలిక? సమంత ముఖం, చిన్మయి గొంతు ఏళ్ల తరబడి కలిసి ఒక మనిషిని చేశాయి. 2018లో ‘మహానటి’కి సమంత తన గొంతే వాడుకుంది, అదీ బాగుంది. నాకున్న పేచీ ఒక్కటే: గొంతిచ్చిన మనిషి పేరు కంటికి ఆనేంత అక్షరాల్లో తెర మీద వెయ్యాలి.

ఇప్పుడు కొత్త పేచీ వచ్చింది. ఒప్పంద పత్రంలో ఎక్కడో చివర, నా గొంతును ఏ రూపంలోనైనా, ఎప్పటికైనా వాడుకోవచ్చని ఒక పేరా ఉంటోంది. ఎస్పీ బాలు గారి గొంతును కృత్రిమ మేధతో ఓ సినిమాలో వాడారని 2024లో ఆయన కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపాక, నేను ప్రతి పత్రమూ కళ్లద్దాలు పెట్టుకుని చదువుతున్నాను. అరువిస్తే తిరిగి రావాలి. ఎప్పటికైనా అంటే నేను పోయాక కూడానా? నేను ఒప్పుకోని మాటలు కూడా నా గొంతుతో అనిపిస్తారా? ఆ పేరా కొట్టెయ్యమంటే ఒక మేనేజర్ నవ్వాడు. “అందరూ పెట్టారు మేడమ్ సంతకం.” పెట్టనీ నాయనా, వాళ్ల గొంతు వాళ్ల ఇష్టం. కొట్టేసి తెస్తే సాయంత్రం దాకా ఇంట్లోనే ఉంటానన్నాను. అతను రాలేదు, ఆ వేషం ఇంకొకామెకు వెళ్లింది.

వచ్చే నెల మొదలయ్యే సినిమాలో నాది శ్రీకాకుళం అత్తగారి పాత్ర. ఆ మాట నాకు రాదు, వాళ్ల రాగం వేరు, వాక్యం చివర లేచి పడే తీరు వేరు. ముందుగా టెక్కలి వైపు వెళ్లి కొన్నాళ్లు ఉంటానని, డబ్బింగ్ నేనే చెప్పుకుంటానని అడిగాను. రెండూ పత్రంలో రాశారు. దాని కోసం పారితోషికం కొంత తగ్గించుకోవాల్సి వచ్చింది. మా అబ్బాయికి అది నచ్చలేదు, ఇంట్లో ఇంకా దాని మీదే వాదన నడుస్తోంది.