ఖతార్‌లో గాలే కొండ

యూరప్‌లో డిసెంబరు వచ్చిందంటే సైక్లిస్టు బండిని ఇంట్లో, ఉన్నచోటే తొక్కే ట్రైనర్‌కి బిగించుకుని ఎండ కోసం ఎదురుచూస్తాడు. ఖతార్‌లోని అల్ ఘర్రాఫాలో ఉద్యోగం చేసుకుంటున్న మన తెలుగువాడిది దీనికి పూర్తిగా తిరగబడిన లెక్క. మే నుంచి సెప్టెంబరు దాకా ఎండ 40 డిగ్రీలు దాటిపోతుంది, రాత్రిళ్లు కూడా ఉక్కపోత వదలదు. ఇంట్లో ఏసీ వేసుకుని ట్రైనర్ తొక్కాల్సింది అప్పుడు. నవంబరులో బయటికి దారి తెరుచుకుంటుంది, మార్చి చివరికల్లా మూసుకుపోతుంది. అల్ ఘర్రాఫా పార్కులో నడిచేవాళ్ల కోసం 657 మీటర్ల చల్లగాలి ట్రాక్ కట్టారు కాబట్టి వాళ్లకి వేసవి బెంగ లేదు. సైకిలు తొక్కేవాళ్లకి మాత్రం ఉన్న చల్లదనమంతా ఈ ఐదు నెలలే. ఊరెళ్లినప్పుడు హైదరాబాద్‌లో 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సవారీ) తొక్కాలన్నా, మరింత పెద్ద ఆశ ఉన్నా, కావలసిన దమ్మంతా ఇప్పుడే కూడబెట్టుకోవాలి.

కూడబెట్టే పద్ధతి పాతదే. మొదటి రెండు నెలలు నెమ్మదిగా, చాలాసేపు తొక్కాలి. ఎంత నెమ్మదిగా అంటే, పక్కవాడితో ఆయాసం లేకుండా కబుర్లు చెప్పుకోగలిగేంత. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. గుండె వేగం చూసుకునేవాళ్లకి ఇది గరిష్ఠంలో 60 నుంచి 70 శాతం. ఈ వేగంలో గంటల తరబడి తొక్కితే కండరాల్లో సన్న రక్తనాళాలు పెరుగుతాయి, ఒళ్లు కొవ్వును ఇంధనంగా వాడుకోవడం నేర్చుకుంటుంది. వారంలో రెండు మూడు రోజులు ఆఫీసుకి ముందు గంటసేపు, శుక్రవారం తెల్లవారకముందే బయల్దేరి మూడు నాలుగు గంటలు. మూడు వారాలు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయి నాలుగో వారం తగ్గించాలి. బలం పెరిగేది ఆ తగ్గించిన వారంలోనే. కొత్తవాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టేదీ ఆ వారాన్నే. ఫోన్‌లో సగటు వేగం చూసుకుని, నిన్నటికన్నా ఇవాళ పెరగాలని ప్రతిరోజూ రొప్పుతూ తొక్కేవాడు జనవరికల్లా మోకాళ్లు పట్టుకుని కూర్చుంటాడు.

ఇక్కడ తొక్కడానికి చోటు దొరకదన్న మాటే లేదు. దోహా గోల్ఫ్ కోర్సు దగ్గర మొదలై అల్ ఖోర్ రోడ్డు వెంట ఉత్తరానికి సాగే ఒలింపిక్ సైక్లింగ్ ట్రాక్ 2020లో తెరిచారు. ఏడు మీటర్ల వెడల్పు, ఎక్కడా తెగని 32.869 కిలోమీటర్ల పొడవు. అప్పట్లో ప్రపంచంలోకెల్లా పొడవైన ఏకధాటి సైకిలు బాట ఇదేనని గిన్నిస్ వాళ్లు నమోదు చేశారు. కార్లు రావు, సిగ్నళ్లుండవు, కూడళ్లు వచ్చినచోట కింద సొరంగాలున్నాయి. లోటల్లా ఒకటే, ఎత్తు పల్లాలు లేవు. ఆ లోటును తీర్చేది గాలి.

చలికాలంలో వాయవ్యం నుంచి వీచే గాలిని ఇక్కడ షమాల్ అంటారు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నవాడికి అంతే వేగంతో ఎదురుగాలి వస్తే ఒంటికి తగిలేది 40 కిలోమీటర్ల గాలి. దాని ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలు. అందుకే జనవరి నుంచి షమాల్ వీచే రోజుల్ని వదులుకోకూడదు. పెద్ద గేరు వేసి, కాళ్లు నిమిషానికి 60 చుట్లు మాత్రమే తిరిగేలా, పది నిమిషాలపాటు ఎదురుగాలిలో కూర్చునే తొక్కాలి. ఐదు నిమిషాలు తేలిక. మళ్లీ పది. తొడలకి ఘాట్ రోడ్డు ఎక్కినంత పని పడుతుంది. కొండ దిగడం, మలుపుల్లో బ్రేకు పట్టడం మాత్రం గాలి నేర్పదు. ఆ విద్య కోసం ఊరొచ్చాక వికారాబాద్ వైపో అరకు వైపో వెళ్లక తప్పదు.

గాలి నేర్పే అసలు విద్య గుంపులో తొక్కడం. అల్ ఖోర్ వైపు వెళ్తుంటే షమాల్ ఎడమ ముందు నుంచి కొడుతుంది. అప్పుడు ఒకరి వెనక ఒకరు నేరుగా నిలిస్తే చాటు దొరకదు. ముందువాడు గాలి వైపు, అంటే మన వరస వెడల్పులో ఎడమ అంచున ఉండాలి. రెండోవాడు అతని వెనక చక్రానికి కాస్త కుడిగా, మూడోవాడు ఇంకాస్త కుడిగా, అలా ఏటవాలు వరస కట్టాలి. ముందువాడు తన వంతు అయ్యాక వేగం ఒక్క పిసరు తగ్గించి ఎడమకి, గాలిలోకే తప్పుకుంటాడు. వెనక్కి జారుతున్నంతసేపూ ముందుకెళ్లేవాళ్లకి అతనే గోడ. చివరివాడి దాకా వచ్చాక కుడివైపు చేరి మళ్లీ వరసలో కలుస్తాడు. ఎదురొచ్చేవాళ్లకి సగం బాట వదలాలి కాబట్టి మనకి మిగిలేది మూడున్నర మీటర్లు. అందులో నలుగురైదుగురికి మించి చాటు దొరకదు. ఆరోవాడు కుడి అంచున వేలాడుతూ ఒళ్లు హూనం చేసుకోవడం కన్నా, వెనకున్నవాళ్లని పిలిచి రెండో వరస కట్టడం మేలు.

ఈ ఏటవాలు వరస సంగతి తెలియకే పెద్దపెద్ద రేసర్లు ఇక్కడ ఓడిపోయారంటే నేనొప్పుకోను, వాళ్లకి తెలుసు. పక్కగాలి కొట్టిన ఆ ఒక్క క్షణంలో సరైన చోట లేరంతే. 2016 అక్టోబరులో దోహాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పురుషుల రోడ్ రేసు 257 కిలోమీటర్లు. ఎడారి దారిలో పక్కగాలి కొట్టగానే గుంపు ముక్కలైంది. జర్మనీ స్ప్రింటర్లు కిట్టెల్, గ్రైపెల్ వెనక ముక్కలో చిక్కుకుని మరి కోలుకోలేదు. ముందున్న పాతికమందిలోంచి పీటర్ సగాన్ గెలిచాడు, కావెండిష్ రెండోవాడు, టామ్ బోనెన్ మూడోవాడు. 2002 నుంచి 2016 దాకా ఏటా జరిగిన టూర్ ఆఫ్ ఖతార్‌ను బోనెన్ నాలుగుసార్లు గెలవడం వెనకా గాలిని చదవగల ఈ నేర్పే ఉంది. ఆదివారం ఆఫీసుకెళ్లే మనలాంటివాళ్లకి వాళ్ల కాళ్లు ఎలాగూ రావు. వాళ్లు నిలబడే చోటు మాత్రం నేర్చుకుంటే వస్తుంది.

తిండి సంగతి మనవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ముందురోజు రాత్రి అన్నం పప్పు, దారిలో గంటకోసారి రెండు మూడు ఖర్జూరాలో ఓ అరటిపండో, నీళ్లలో చిటికెడు ఉప్పు. చలిగా ఉందని నీళ్లు తాగడం మానొద్దు, ఈ గాలిలో చెమట పట్టినట్టే తెలియదు. రంజాన్ ఇప్పుడు చలికాలంలోనే వస్తోంది. పగటిపూట బహిరంగంగా నీళ్లు తాగకూడదు కాబట్టి ఆ నెలంతా సాధనను ఇఫ్తార్ తర్వాతి వేళకి మార్చుకోవాలి. చైన్‌కి జిడ్డు నూనె పోస్తే ఇసుక పట్టి పళ్లు అరిగిపోతాయి. ఎడారిలో పొడి ల్యూబ్ మంచిది, సముద్రపు తేమకి తుప్పు పట్టకుండా వారానికోసారి తుడవాలి.

ఈ సాధన దేనికి పనికొస్తుందంటే నా జవాబు బ్రెవేలే. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలిస్తారు. అంటే గంటకి 15 కిలోమీటర్లు కూడా అక్కర్లేదు, ఆగకుండా సాగే ఓపిక ఉంటే చాలు. 200, 300, 400, 600 అన్నీ పూర్తిచేసినవాళ్లకి, నాలుగేళ్లకోసారి ఫ్రాన్స్‌లో జరిగే 1200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్ తలుపు తెరుచుకుంటుంది. తర్వాతిది 2027లో. ఆ 1200 కిలోమీటర్లలో రేసు వేగం కన్నా నవంబరులో కబుర్లు చెప్పుకుంటూ తొక్కిన గంటలే ఎక్కువ ఆదుకుంటాయి.

అల్ ఘర్రాఫాలో ఉండి ఇంకా మొదలుపెట్టనివాళ్లకి ఒక్క మాట. మీ ఎత్తుకి సరిపడే సైకిలు ఏదైనా చాలు. శుక్రవారం తొక్కే ఏదైనా గుంపులో చివరివాడి వెనక చేరి, కొత్తవాణ్నని ముందే చెప్పండి, చెయ్యి సైగలు వాళ్లే నేర్పుతారు. జనవరిలో సూర్యుడు ఆరుంబావు దాటాక గానీ పొడవడు, కొన్నాళ్లు దట్టమైన పొగమంచు కూడా ఉంటుంది. అందుకని డబ్బులుంటే ముందు హెల్మెట్, ముందూ వెనకా దీపాలు కొనండి. ఖరీదైన చక్రాల సంగతి వచ్చే ఏడు చూసుకోవచ్చు.