‘పాండోరా’ చిత్రమున అంగిరసము

చలనచిత్రమును రసదృష్టితో పరిశీలించుట తగునా యను శంక తెలుగు శాఖలలో నేటికిని వినబడుచునే యున్నది. రూపకమునకు చెల్లినది దానికేల చెల్లదో మాకు తోచదు. కొన్ని వారముల క్రిందట ఖైరతాబాదులో నొక మిత్రునింట పరిశోధక విద్యార్థులతో కూడి ‘పాండోరా’ యను కొరియా చిత్రమును చూచితిమి. ఇది పాక్ జంగ్-వూ దర్శకత్వమున 2016 డిసెంబరులో విడుదలయ్యెను. భూకంపమువలన నొక పాత అణువిద్యుత్కేంద్రము చెడుట ఇందలి వస్తువు. చిత్రీకరణము ముగిసిన పిమ్మట, విడుదలకు మూడు నెలల ముందు, ఆ దేశపు గ్యోంగ్జు ప్రాంతమున 5.8 తీవ్రతగల భూకంపము నిజముగనే సంభవించెను. మనకును ఇది దూరపుకథ కాదు. రియాక్టర్లకు ఇంధనము సిద్ధపరచు సంస్థ 1971లో ఈ నగరముననే నెలకొల్పబడినది. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడలో 1208 మెగావాట్లవి ఆరు రియాక్టర్లు ప్రతిపాదింపబడి యున్నవి.

భయానకమునకు విభావము కావలెను. క్రూరమృగమో, శూన్యగృహమో, వికృతధ్వనియో ఇంద్రియములకు తగులవలెను. రేడియోధార్మికతకు రూపము లేదు, వాసన లేదు. దర్శకుడు ఈ చిక్కును అనుభావములతో దాటెను: వాంతులు, కందిన చర్మము, దారులు నిండి కదలలేని జనము. ఇంతకంటె మేలైన ఉపాయము వేరొకటి కలదు. రియాక్టరును చల్లార్చుటకు సముద్రజలమును పంపుడని కేంద్రములోనివారు వేడుకొందురు. ఉప్పునీరు సోకిన రియాక్టరు మరల పనికిరాదని పైవారు జంకుదురు. అచ్చట మనకు గుండె జారును. కాని ఆ భయమునకు ఆలంబనము అణువు కాదు, లెక్కలు చూచుకొనుచున్న అధికారి. చిత్రమంతటిలో ఇదియే ఉత్తమ సన్నివేశమని మా అభిప్రాయము.

మాతో చూచిన విశాఖవాసి యగు విద్యార్థి యిచ్చట 2020 మే 7 నాటి తెల్లవారుజామును స్మరించెను. కొరియా సంస్థకు చెందిన ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెంకటాపురముపై క్రమ్మినది. స్టైరీనుకు వాసన కలదు. నిద్రించువారికి అది హెచ్చరిక కాజాలలేదు. సైరను మ్రోగింపబడలేదని ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము తేల్చినది. చిత్రములోను అంతే: లోపములను తెలుపు నివేదిక అధ్యక్షుని చేరక నడుమనే ఆగిపోవును.

ఇక అంగిరసము. నాయకుడగు జే-హ్యోక్ (నటుడు కిమ్ నమ్-గిల్) తుదకు లోపలనే నిలిచి, ప్రేలుడు జరిపి, ప్రాణము విడుచును గనుక వీరమే అంగి యని కొందరు విద్యార్థులు వాదించిరి. మాకు ‘నాగానందము’ తలపునకు వచ్చినది. జీమూతవాహనునియందు శాంతము నంగీకరింపక దయావీరమును నిలిపిన ధనికుని వాదము మన విద్యార్థులెరిగినదే. దయావీరమునకు ఉత్సాహము స్థాయి. జీమూతవాహనుడు వధ్యశిలను సంతోషముతో అధిరోహించును. జే-హ్యోక్ అట్టివాడు కాడు. తండ్రియు అన్నయు ఆ కేంద్రమునకే బలియైరి. ఊరు విడిచి దూరసముద్రపు ఓడపై పోవలెనని అతని కోరిక. కెమెరా యెదుట తల్లితో మాటలాడుచు, చావు భయమని, బ్రదుకవలెనని యేడ్చును. స్థాయి శోకమే, ఉత్సాహము నడుమ మెరసి మాయమగు సంచారి మాత్రమే.

భేదము మరియొకటి కలదు. హర్షుని నాటకమున రాకుమారుడు నాగుని బదులు పోవును. ఇచ్చట శంఖచూడుడే పోవును. జీమూతవాహనుడు దూరదర్శనమున ప్రజలను వేడుకొనుచుండును. గౌరి వచ్చి బ్రతికింపదు. శంఖచూడుని తల్లికి దక్కిన కొడుకు ఈ తల్లికి దక్కడు. ఈ తారుమారును దర్శకుడు తెలిసియే చేసెనో లేదో గాని, కరుణము ఇంత బలముగా తగులుటకు కారణమిదియే.

ఆ తుదిసందేశము మాత్రము మిక్కిలి దీర్ఘము. వాద్యఘోష దానికి తోడైనది. శోకమును పదేపదే దీపింపజేయుట దోషమని ఆలంకారికులు ఊరక చెప్పలేదు. సగమునకు కుదించి, తల్లి ముఖమును చూపి విడిచినచో చాలియుండెడిది.