నిద్రించు శిబిరము, నిద్రించు నగరము

బస్తరు అరణ్యములలో బైలడిల్లా అను కొండల వరుస కలదు. ఎద్దు మూపురమువలె కనబడుటచే దానికి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. ఆ కొండల పాదమున నున్న కిరండూల్‌లో ఇనుప ఖనిజము నింపుకొని బయలుదేరు గూడ్సుబండ్లు కోరాపుట్ కొండలను, అరకు సొరంగములను దాటి, సుమారు 450 కిలోమీటర్లు నడచి కొత్తవలస చేరును. అచ్చటినుండి విశాఖపట్టణపు రేవు ఎంతో దూరము లేదు. 1960లో కుదిరిన ఒప్పందము ననుసరించి ఏటా 40 లక్షల టన్నుల బైలడిల్లా ఖనిజమును జపాను ఉక్కు కర్మాగారములకు పంపుటకై ఈ మార్గము వేయబడినది. 1968లో కిరండూల్ గని పని మొదలిడెను. గనిలోను, రైలులోను, రేవులోను తెలుగువారు పనిచేయుచు వచ్చిరి.

ఆ రేవుపైననే 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు బాంబులు విడిచినవి. ఆ దినముననే కాకినాడపైనను పడినవి. చనిపోయినవారు కొద్దిమందియే, భయము మాత్రము తీరమంతటను వ్యాపించినది. జనము ఊరు విడిచి పల్లెలకు పోయిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలిపోయెను. పదునెనిమిది ఏండ్లు గడచునప్పటికి ఆ రెండు దేశముల నడుమ ఖనిజపు బేరము కుదిరినది. ఇందు తప్పు పట్టవలసిన దేమియు లేదు. జాతులు అట్లే బ్రతుకును. అయితే బాంబు పడిన చోటును, బాంబు లేచిన చోటును, ఆ రెంటికిని ఇనుము పంపిన చోటును ఒక్క త్రాటిపై నిలిపి చూచు పని ఎవరిదన్న ప్రశ్న మిగులును. అది సాహిత్యము పని. భారతీయ సాహిత్యము ఆ పనిని ఎంతవరకు చేసినదో పరిశీలింపదగియున్నది.

విశాఖకంటె ముందు రంగూను కలదు. 1941 డిసెంబరు 23న, మరల 25న, రంగూనుపై బాంబులు కురిసినవి. జనము తలదాచుకొనక వీథులలో నిలిచి విమానములను వింతగా చూచుచుండిరి. రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేయు కూలీలలో తెలుగువారు మిక్కుటము. కాకినాడ చెంతనున్న కోరంగి రేవునుండి పూర్వము ఓడలెక్కి పోయినవారగుటచే బర్మాలో వారిని కొరంగీలని పిలిచెడివారు. మొదటినాటి దాడిలోనే మృతులు వేలసంఖ్యలో నుండిరని అంచనా. మిగిలినవారిలో అనేకులు అరకాను మీదుగా చట్టగ్రామమునకును, కొండదారుల వెంట మణిపురమునకును, అస్సామునకును నడచిరి. లక్షలమంది నడచిన ఆ త్రోవలో వేలకు వేలు ఆకలికిని, కలరాకును బలియైరి. అమితావ్ ఘోష్ 2000లో ప్రకటించిన ఇంగ్లీషు నవల ‘ది గ్లాస్ ప్యాలెస్’లో ఆ బాంబుదాడియు, ఆ నడకయు కలవు. గొప్ప నవలయే. కాని దాని చూపు ప్రధానముగా కలప వ్యాపారముచే ధనికమైన ఒక కుటుంబముపైనుండును. రేవులో మూటలు మోసిన కొరంగీ దానికి నాయకుడు కాడు. తెలుగు కావ్యములలోనైనను వానికి తగిన చోటు దొరకినదని చెప్పజాలము. వ్రాయగలిగినవారు నడవలేదు, నడచినవారిలో పెక్కుమందికి వ్రాత రాదు.

ఇంతటితో భారతదేశము కేవలము దెబ్బతిన్న పక్షమని తలచిన పొరపాటగును. 1944లో అమెరికావారి బి-29 విమానములకు ఖరగ్‌పూరు పరిసరములలో స్థావరములు ఏర్పడినవి. అచ్చటి విమానములు హిమాలయములు దాటి చైనాలోని చెంగ్డూ చేరి, ఆ జూన్ 15 రాత్రి జపానులోని యవాతా ఉక్కు కర్మాగారముపై దాడి చేసినవి. కర్మాగారమునకు నష్టము స్వల్పము. చీకటిలో, అంత ఎత్తునుండి, గురి నిలుచుట దుర్లభమని తేలినది. తరువాతి సంవత్సరము గురితో పని లేకుండ నగరమునే కాల్చు పద్ధతి అవలంబింపబడెను. 1945 మార్చి 9, 10 తేదీల రాత్రి టోక్యోలో సుమారు లక్షమంది దగ్ధులైరి. ఆగస్టు 8న యవాతా పట్టణము కాలిపోయినది. మరునాడు అణుబాంబుతో వచ్చిన విమానమునకు మొదటి గురియైన కొకురా పొగచేతను, మబ్బుచేతను కనబడలేదు. పొరుగున కాలిన యవాతా పొగయే అందుకు కారణమని పలువురు తలంతురు. విమానము నాగసాకికి మరలినది. ఒక ఊరు కాలుటచే ఒక ఊరు బ్రతికి, వేరొక ఊరు నశించినది.

నగరములను కాల్చుటను సమర్థించువారి వాదము తెలియనిది కాదు. ఆధునిక యుద్ధము కర్మాగారములలో జరుగుచున్నది. ఉక్కు పోతపోయువాడును సైనికుడే. కావున వాడు నివసించు వాడయు శిబిరమే యని వారందురు. ఈ తర్కమును కొంత దూరము నడిపించి చూడవలెను. ఉక్కు పోయువాడు సైనికుడైనచో, ఆ ఉక్కునకు ఖనిజము త్రవ్వినవాడేమగును? ఆ బండి నడపినవాడు, పట్టాల మేకు బిగించిన గ్యాంగుమనిషి, రేవులో ఓడకెత్తిన కూలి, వారికి అన్నము వండిన స్త్రీ? యవాతాలో మొదలైన వాదము కిరండూల్ కార్మికుల నివాసములకు వచ్చి ఆగును. అక్కడనైనను ఆగునన్న నమ్మకము లేదు. రంగూను కొరంగీ ఈ తర్కము చేతనే మరణించినాడు.

మహాభారతము ఈ ప్రశ్న నెరుగును. భీష్మపర్వారంభమున ఉభయపక్షముల వారును కూర్చుండి యుద్ధనియమములు చేసికొందురు. పారిపోవువానిని, కవచము లేనివానిని కొట్టరాదన్నవి అందరికిని తెలిసినవే. అంతగా గుర్తింపబడని నియమమింకొకటి అందు కలదు. సారథులను, బండి లాగు పశువులను, ఆయుధములు మోసి అందించువారిని, భేరీశంఖములు మ్రోగించువారిని కొట్టరాదనునదే అది. ఆయుధము అందించువాడు ఆయుధము పట్టినవాడు కాడని ఈ దేశపు కవి స్పష్టముగా విడదీసినాడు. కర్మాగారపు కార్మికునిగూర్చి ఇరువదవ శతాబ్దము చేసిన వాదమునకు ఇంతకంటె సూటియైన ప్రత్యుత్తరము ప్రాచీన గ్రంథములలో దొరకుట అరుదు.

ఆ నియమములు యుద్ధము ముగియునప్పటికి దాదాపుగా అన్నియు భగ్నములైనవి. ఉభయులును సారథులను చంపిరి. వ్యాసుడు దానిని దాచలేదు. అతని గొప్పతనమంతయు ఆ భంగమును లెక్కవ్రాయుటలోనే కలదు. ఆ లెక్క సౌప్తికపర్వమున పూర్తి యగును. ఆ పర్వము తెలుగువారికి తిక్కన ద్వారా సంక్రమించినది. మఱ్ఱిచెట్టుపై నిద్రించు కాకులను రాత్రివేళ గుడ్లగూబ చంపుట చూచి అశ్వత్థామ ఉపాయము నేర్చుకొనును. శిబిరము జొచ్చి నిద్రించువారిని చంపును. అంతటితో ఆగక, మరునాడు గడ్డిపోచపై బ్రహ్మశిరోనామకాస్త్రమును మంత్రించి, దానిని ఉపసంహరింపజాలక, పాండవస్త్రీల గర్భములపైకి త్రిప్పును. అట్టి అస్త్రము మరియొక మహాస్త్రముచే నిరోధింపబడిన దేశమున పండ్రెండేండ్లు వాన కురియదని అందు చెప్పబడినది. అస్త్రము తాకిడి యోధునితో ముగియక పుట్టని శిశువును, దున్నని నేలను తాకునని కవి ఊహించినాడు. దీనిని అణుబాంబును ముందే కనుగొనిరనుటకు సాక్ష్యముగా చూపువారు కలరు. ఆ మాట విచారణకు నిలువదు. ఆయుధము అప్పుడు లేదు. ఆయుధము వాడుట యనగా నేమియో తెలిసిన బుద్ధి మాత్రము ఉండెను.

ధర్మవీర్ భారతి 1954లో ప్రకటించిన హిందీ కావ్యనాటకము ‘అంధాయుగ్’ ఈ సౌప్తికము పైననే నిర్మింపబడినది. స్వాతంత్ర్యానంతర భారతీయ నాటకములలో దానికి సాటి వచ్చునవి మిక్కిలి తక్కువ. 1963లో అల్కాజీ ఢిల్లీలోని ఫిరోజ్ షా కోట్లా శిథిలములలో దానిని ప్రదర్శించినప్పుడు, రాళ్లే రంగసజ్జ యైనవి. భారతి అశ్వత్థామను రాక్షసునిగా చూపలేదు. ధర్మరాజు పలికిన అర్ధసత్యము అతనిలోని మానవుని చంపి మృగమును మిగిల్చినది. బ్రహ్మాస్త్రము విడిచినప్పుడు వ్యాసుడు పలుకు హెచ్చరికలో, రాబోవు తరముల వికలాంగశిశువులును, బీడుపడు భూమియు కనబడును. హిరోషిమా తరువాత వ్రాసిన కవికే ఆ పలుకులు సాధ్యములు.

ఇంతటి నాటకములోనైనను ఒక చోట సంశయము కలుగును. భారతి అణుయుగమును అశ్వత్థామ ముఖమున చూచినాడు. గాయపడినవాడు, పగచే ఉన్మత్తుడైనవాడు, చేతులు నెత్తురులో ముంచినవాడు. మూలములో అతడు ధృష్టద్యుమ్నుని చేతులతోను, కాళ్లతోను చంపును. చంపబడువాని ముఖము అతనికి తెలియును. నగరములను కాల్చినవారు అట్టివారు కారు. 1945 మే నెలలో అమెరికాలో లక్ష్యనిర్ణయ సంఘమొకటి కూర్చుండి క్యోటో, హిరోషిమా, యొకొహామా, కొకురా, నీగాతా అను పేర్లు పరిశీలించినది. హిరోషిమా చుట్టునున్న కొండలవలన ప్రేలుడు తీవ్రత హెచ్చగునని వారు గమనించిరి. క్యోటో పేరును యుద్ధమంత్రి స్టిమ్సన్ కొట్టివేయించెను. ఆ సమావేశములో పగ లేదు, కేక లేదు; కాగితములు, పటములు, పెద్దమనుష్యులు కలరు.

వీరికి పోలిక సౌప్తికములోనే కలదు. అది అశ్వత్థామ కాదు, కృపాచార్యుడు. నిద్రించువారిని చంపుట ధర్మము కాదని కృపుడు మొదట గట్టిగా వాదించును. పెద్దలనడిగి చేయుమని బ్రతిమాలును. మేనల్లుడు వినడు. అప్పుడు కృపుడు తానును రథమెక్కి వెంటపోవును. కృతవర్మతో కూడి శిబిరద్వారమున నిలిచి, ప్రాణభీతితో పరుగెత్తి వచ్చువారిని చంపును. మూడు వైపుల నిప్పు పెట్టుటలోను పాల్గొనును. అశ్వత్థామకు శాపము తగిలినది, తలమణి పోయినది, మూడువేల ఏండ్ల సంచారము ప్రాప్తించినది. కృపునకు ఏమియు కాలేదు. అతడు హస్తినకు తిరిగిపోయెను. తరువాత పరీక్షిత్తునకు గురువైనాడు. తల్లిగర్భమున ఏ శిశువుపై అస్త్రము పడినదో ఆ శిశువునకే! అభ్యంతరము చెప్పి, పిమ్మట ద్వారమున నిలిచి, అనంతరము గౌరవముతో వృద్ధుడైన ఈ బ్రాహ్మణునిలో ఆధునిక నగరదహనము యొక్క నిజమైన పాత్ర దాగియున్నది. భారతి నాటకములో కృపుడు లేకపోలేదు. వెలుగు మాత్రము అతనిపై పడదు. రంగస్థలమునకు ఉన్మాదము అనుకూలించినట్లు సమ్మతి అనుకూలింపకపోవుట అందుకు కారణము కావచ్చును.

అజ్ఞేయుడు మరియొక దారి తొక్కినాడు. 1959లో వెలువడిన సంపుటిలోని అతని ‘హిరోషిమా’ చిన్న ఖండిక. అందు సూర్యుడు దిక్కున గాక ఊరి నడుమ ఉదయించును; మానవులు ఆవిరియై పోగా, వారి నీడలు రాతిపై మిగులును; ఆ నీడయే సాక్ష్యము. హంతకుని ముఖము వెదకు పనిని అతడు పూర్తిగా మానినాడు. ఈ మౌనములో బలము కలదు, నష్టమును కలదు. సూర్యుని మానవుడే చేసినాడని కవి చెప్పును. ఏ మానవుడన్నది చెప్పడు. మానవజాతి యంతయు దోషియైనచో ఎవ్వరును దోషులు కాని స్థితి ఏర్పడును. ఈ విషయమున కవికంటె న్యాయమూర్తి కచ్చితముగా మాటలాడినాడు. 1948లో టోక్యో న్యాయస్థానమున భిన్నతీర్పు వ్రాసిన రాధావినోద పాలుడు, విచక్షణ లేని ప్రాణనాశమునకు పసిఫిక్ యుద్ధములో దొరకు దగ్గరి ఉదాహరణము అణుబాంబు వేయుటకైన నిర్ణయమేయని సూచించెను. నిర్ణయము చేసినవారివైపు వ్రేలు చూపెను. అతని తీర్పును జపాను యుద్ధవాదులు తమకు అనుకూలముగా వాడుకొనిరన్నది వేరొక విషాదము.

యుద్ధము పరదేశీయులతోనే జరుగునన్న ఊరటయు నిలువదు. 1966 మార్చిలో భారత వైమానిక దళము ఐజాల్ పట్టణముపై, స్వదేశపు ప్రజలపై, బాంబులు వేసినది. 2010 ఏప్రిల్ 6న దంతెవాడ ప్రాంతపు తాడ్‌మెట్ల వద్ద మావోయిస్టులు 76 మంది రక్షకభటులను చంపిన పిమ్మట బస్తరులోను విమానములు వాడవలెనన్న మాట లేచినది. తమ ఆయుధములు సరిహద్దు వెలుపలి శత్రువునకు అత్యధిక నష్టము కలిగించుటకై ఏర్పడినవని చెప్పి, నాటి వైమానిక దళాధిపతి నాయక్ అందుకు సుముఖత చూపలేదు. 2021 మొదలు 2023 వరకు బీజాపూరు, సుకుమా జిల్లాల సరిహద్దు పల్లెలవారు డ్రోనులనుండి తమ పొలములపై, అడవులపై బాంబులు పడినవని పలుమారులు ఆరోపించిరి. పోలీసులు ఆ ఆరోపణలను ఖండించిరి. కిరండూల్ గనులకు ఆ పల్లెలు మిక్కిలి దూరమున లేవు. పడినది, పడలేదు అను వివాదమే గమనింపదగినది. నేలపై జరిగిన హత్యకు చూచినవాడు ఒకడైన నుండును. ఆకాశమునుండి వచ్చినదానికి క్రిందివాని మాట తప్ప ఆధారముండదు. క్రిందివాడు గోండు, మాట గోండీ.

వ్యాసుడు ఈ సంగతిని విడువలేదు. సౌప్తికమున శిబిరమంతయు నశించిన పిమ్మట ధృష్టద్యుమ్నుని సారథి యొక్కడు, కృతవర్మ ఏమరుపాటున నున్న క్షణమున తప్పించుకొని, బయటపడును. అతనికి పేరు లేదు. కొట్టరాదని మొదట నియమించుకొన్నవారి పట్టికలో సారథి పేరే ముందు వచ్చునను సంగతి ఇచ్చట స్మరింపవలెను. తెల్లవారగానే అతడు ధర్మరాజు సన్నిధికి పోయి, ఎవరెవరు ఎట్లు మరణించిరో చెప్పును. తానొక్కడే మిగిలితిననియు చెప్పును. అతడు కన్నది నిజమేనా యని ఎవ్వరును అడుగరు. ధర్మరాజు నేలకూలి, తేరుకొని, ద్రౌపదిని తోడ్కొని వచ్చుటకై నకులుని పంపును.