నీతికి దైవసాక్ష్యము వలయునా?

గాంధీమహాత్మునితో తాము జరిపిన సంభాషణములను గోరాగారు ఆంగ్లమున వ్రాయగా, నవజీవన్ ప్రచురణాలయమువారు 1951 లో వెలువరించిరి. పేరు 'యాన్ ఎథీయిస్ట్ విత్ గాంధీ'. కిశోరలాల్ మశ్రూవాలాగారు పీఠిక కూర్చిరి. పుటలు కొలదియే గాని వివాదము చిన్నది కాదు. మతము లేక నీతి నిలుచునా యని మనవారు సభలలో ప్రశ్నించుచునే యున్నారు. ఇంటిలో పిల్లలకు మాత్రము తప్పుచేసిన కండ్లు పోవునని చెప్పి ఊరకుందురు.

గోరాగారు వృక్షశాస్త్రోపన్యాసకులుగా నుండి, నాస్తికభావముల మూలమున ఉద్యోగము కోల్పోయినవారు. 1940 లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తికకేంద్రమును నెలకొల్పి అస్పృశ్యతానివారణమునకు పూనుకొనిరి. ఆ పనియే వారిని సేవాగ్రామమునకు చేర్చినది.

వారి వాదములలో మాకు మిక్కిలి బలహీనమని తోచినది 1943 నాటి వంగదేశపు క్షామమును గూర్చినది. కలకత్తా వీథులలో తినుబండారముల అంగళ్ల యెదుటనే జనులు ఆకలిచే మడిసిరి. అంతయు దైవేచ్ఛయను నమ్మకమే పేదవానిని ఆ తిండిపై చేయివేయనీయలేదనియు, కలవానిని కదలనీయలేదనియు వారి యభిప్రాయము. వారముల తరబడి పస్తులున్నవానికి దోచుకొను సత్తువ యెక్కడిది? అంగడికి కాపున్నవాడు దేవుడు కాడు, పోలీసువాడు. పల్లెకూలీ సంపాదనకు బియ్యపు ధర అందకపోవుటయే ఆ మరణములకు ముఖ్యహేతువని అమర్త్యసేన్ గారు 1981 నాటి గ్రంథమున వివరించియున్నారు. దేవునిపై నేరము మోపు తొందరలో గోరాగారు ధరలను, యుద్ధమును, ప్రభుత్వమును తేలికగా విడిచిపుచ్చిరి. అయినను కర్మసిద్ధాంతము కలవానికి సుఖనిద్ర నిచ్చునన్న మాట అబద్ధమని మేమనజాలము.

ఇచట మా బడిలోని ముచ్చట యొకటి చెప్పక తప్పదు. పరీక్షలో చీటీ దాచిన బాలు నొకనిని పట్టుకొని, "దేవుడు చూచుచుండును సుమా!" అంటిమి. వాడు తలవంచుకొనియే, "కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నానండీ" అనెను. తరగతి యంతయు నవ్వినది. మాకు నవ్వు రాలేదు. మేము నియమించిన కావలివానితో వాడు ముందుగనే లావాదేవీ ముగించుకొనియుండెను!

దేవుని భయము చాలదు, శాస్త్రము ప్రమాణమందురా? 1855 లో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు వితంతువివాహమునకు పరాశరస్మృతిని చూపిరి. ప్రతిపక్షులు అందలి 'పతౌ' అను రూపము వ్యాకరణసమ్మతము కాదనియు, దానికి ముందొక అకారము లోపించినదనియు, కావున ఆ యనుమతి వాగ్దానమాత్రమైన కన్యకే చెల్లుననియు వాదించిరి. సంస్కృతము చదివిన మాకు ఇట్టి చర్చ రుచించును. కాని పదేండ్ల బాలవితంతువు బ్రతుకు ఒక అవగ్రహచిహ్నముపై వ్రేలాడినదని తలచికొన్నపుడు ఆ రుచి చేదగును. విద్యాసాగరులు మొదట జాలిపడిరి. శ్లోకమును పిదప వెదకిరి. 1881 లో రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించిన వీరేశలింగముగారి వరుసయు మాకిట్లే కనబడుచున్నది.

దీనికి ఆస్తికుల ప్రత్యుత్తర మొకటి కలదు. అది తేలికయైనది కాదు. నాస్తికుని మంచితనము వాని స్వార్జితము కాదనియు, పూర్వుల మతము కూడబెట్టినదానినే వాడు వ్యయపరచుచున్నాడనియు వారందురు. కావచ్చును. కాని దయయు అస్పృశ్యతయు ఆ యొక్క భోషాణములోనే యున్నవి గదా! ఒకదానిని దాచి రెండవదానిని పారవేయుమని యేర్పరచిన వివేకము ఆ భోషాణములోనిది మాత్రమే యెట్లగును?

ఈ పుస్తకమున గాంధీజీ నిలిచిన చోటును ఇందువలననే శ్రద్ధగా చూడవలెను. సత్యమును కాదనువాడు నాస్తికులలోను లేడను భావముతో ఆయన 1931 లోనే లొసాన్ నగరమున 'దైవమే సత్యము' అను తన పూర్వవాక్యమును త్రిప్పి 'సత్యమే దైవము' అనియుండెను. గోరాగారి కుమార్తె మనోరమను హరిజనయువకుడగు అర్జునరావున కిచ్చుటకు నిశ్చయమైనపుడు ఆ వాక్యము పరీక్షకు వచ్చినది. మహాత్ముడు వరుడు ఆశ్రమమున శిక్షణ పొందుటకై రెండేండ్లు ఆగుమనెను; వివాహవిధిలో దైవనామమునకు బదులు సత్యనామము నుంచుట కొప్పుకొనెను. 1948 జనవరి 30 న ఆయన హతుడయ్యెను. మార్చినెలలో సేవాగ్రామమున ఆ పెండ్లి జరిగినది.

దీనిని నాస్తికవాదమునకు జయమని లెక్కించువారు కలరు, మేమట్లు లెక్కింపము. ఆయన దేవుని విడువలేదు, వీరు చేపట్టలేదు. అస్పృశ్యులనబడినవారితో పంక్తిభోజనము, వియ్యము నడపవలెనన్న నిశ్చయము ఇరువురకును ఈ చర్చకు మునుపే కలదు. దైవభక్తి మనుష్యుని బానిసగా చేయునన్న గోరాగారి సిద్ధాంతమునకు ఎదుట కూర్చున్న మహాత్ముడే ఖండనము. దేవుడు లేనివానికి నీతి లేదనువారికి గోరాగారే ఖండనము. ఈ సంగతి గ్రంథకర్త తలచినదానికంటె గ్రంథముననే స్పష్టముగా నున్నది.

మాకొక్క కొరత మిగిలినది. సంభాషణమంతయు పెద్దలది. సత్యము పేరిట చేతులు కలిపినవారు మనోరమ, అర్జునరావులు. ఊరికి మరలివచ్చి ఆ బ్రతుకు బ్రతుకవలసినవారును వారే. వారి మాటలు మరికొన్ని వినగోరుచు పుస్తకము మూసితిమి.