చూలాలికి పక్క వేయడం

ఏడో నెల దాటిన పిల్ల పుట్టింటికి వస్తోందంటే నేను ముందు దిండ్లు ఎండలో వేస్తాను. బూరుగు దూదివైతే ఎండ తగలగానే పొంగి మెత్తబడతాయి. వాటితోపాటు పాత నేత చీర ఒకటి తీసి పెడతాను. పొట్ట కింద దిండు పెడితే ఎత్తయిపోతుంది, తువ్వాలు జారిపోతుంది. నాలుగు మడతలు వేసిన మెత్తని చీరయితే బరువు ఎంత దిగితే అంతకు సర్దుకుంటుంది.

మోకాళ్ల మధ్య దిండు దగ్గరే చాలామంది చిన్నదేదో ఇచ్చి సరిపెడతారు. అది మోకాలి దగ్గర ఆగిపోతే పాదం కిందికి వాలి, తుంటి మెలిపడి, తెల్లారేసరికి నడుం పట్టేస్తుంది. మోకాలి నుంచి చీలమండ దాకా ఆనాలి. ఇంకొకటి వీపు వెనక, నిద్రలో వెల్లకిలా దొర్లకుండా.

కాళ్ల నుంచీ నడుం కింది నుంచీ రక్తాన్ని గుండెకు తీసుకెళ్లే పెద్ద సిర వెన్నెముకకు కుడివైపు ఆనుకుని ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే నెలలు నిండుతున్న గర్భసంచి బరువంతా దాని మీద పడుతుంది. కొందరికి కళ్లు తిరిగి చెమటలు పడతాయి, కొందరికి ఏమీ తెలియదు. 28 వారాలు దాటాక వెల్లకిలా నిద్రకు ఉపక్రమించిన వాళ్లలో బిడ్డ కడుపులోనే పోయే ముప్పు, ఎడమ పక్కకు పడుకున్న వాళ్లకంటే రెండున్నర రెట్లకు పైగా ఉందని 2019లో అయిదు పరిశోధనల వివరాలను కలిపి చూసినప్పుడు తేలింది. ముప్పు మొత్తమ్మీద చిన్నదే, అయినా పక్కకు తిరిగి పడుకోవడానికి ఖర్చేముంది? అదే పరిశీలనలో ఎడమకూ కుడికీ తేడా కనబడలేదు. కాబట్టి ‘ఎడమ పక్కకే’ అని రాత్రంతా కాపలా కాయకండి. ఒకే పక్క ఒత్తుకుని తుంటి నొప్పెడుతున్నా భయంతో కదలని పిల్లల్ని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మా అక్క కూతురు ఓ అర్ధరాత్రి నన్ను లేపింది. “పిన్నీ, మెలకువ వచ్చేసరికి వెల్లకిలా ఉన్నాను, బిడ్డకేమైనా అవుతుందా?”

“ఏం కాదు నాన్నా. పక్కకు తిరిగి పడుకో.”

తిరగడానికి ఆ పిల్ల లేచి కూర్చుంది. పడుకున్న చోటే దొర్లితే పేగు బిడ్డ మెడకు చుట్టుకుంటుందని అత్తగారు చెప్పారట. మన వైపు ఇళ్లలో ఈ మాట వినని చూలాలు ఉండదు. పేగు మెడలో వేసుకుని పుట్టిన బిడ్డను మేనమామ నూనెలో చూడాలనే ఆచారమూ ఆ భయంలోంచి వచ్చిందే. నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో పేగు మెడకు చుట్టుకునే ఉంటుంది. అది ఉమ్మనీటిలో బిడ్డ తిరగడం వల్ల పడేది, తల్లి దొర్లడం వల్ల కాదు. చాలాసార్లు మంత్రసాని చేతులో నర్సు చేతులో దాన్ని తలమీదుగా తప్పించేస్తాయి. రాత్రికి పదిసార్లు పక్క మారే మనిషి పదిసార్లూ లేచి కూర్చుంటే ఇక నిద్రెక్కడ? మంచం దిగేటప్పుడు మాత్రం పెద్దవాళ్ల పద్ధతే సరైనది: ముందు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి దించి, చెయ్యి ఊతంగా లేవాలి. నడుం మీద భారం పడదు.

మిగతావి చిన్న చిన్నవే. రాత్రి భోజనం ఏడున్నరకల్లా అయిపోవాలి. ఆవకాయ మధ్యాహ్నానికే. గుండెల్లో మంట ఎక్కువైతే మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెడతాను. పిక్క పట్టేస్తే కాలివేళ్లను ముఖం వైపు లాగిపట్టాలని పక్కనున్న వాళ్లకు ముందే నేర్పిస్తాను.

కాళ్లు ఊరుకోనివ్వడం లేదు, లాగుతున్నాయి, కదిపితేగాని తోచదు అంటే మాత్రం నేను నూనె రాసి ఊరుకోను, రక్త పరీక్ష చేయించమంటాను. ఇనుము తక్కువైనా కాళ్లు అలా చేస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్రను టీతో మింగితే ఒంటికి సరిగా పట్టదు. చివరి నెలల్లో రాత్రిపూట అరచేతులూ అరికాళ్లూ విపరీతంగా దురదపెట్టినా, కొత్తగా గట్టిగా గురక మొదలైనా, తలనొప్పితోపాటు ముఖం ఉబ్బినా నిద్ర పట్టకపోవడం ఒక్కటే చూడకూడదు. దురద కాలేయం నుంచి రావచ్చు, మిగతా రెండింటి వెనక బీపీ ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఇంత పక్క వేసీ, అయిదింటికి కుళాయి నీళ్లొచ్చాయని ఆ పిల్లనే లేపే ఇళ్లున్నాయి. రాత్రి ఒంటేలుకు నాలుగుసార్లు లేచిన మనిషికి నిజంగా నిద్ర పట్టేది ఆ తెల్లవారుజామునే. ఆ మూడు నెలలూ నీళ్లెవరు పడతారో, వాకిలి ఎవరు ఊడుస్తారో, పాలు ఎవరు కాస్తారో పిల్ల రాకముందే ఇంట్లో తేల్చుకోవాలి. మా ఇంట్లో నీళ్లు మా ఆయన పడుతున్నారు. బిందె అడుగున గుడ్డ వేస్తారు, చప్పుడు కాకుండా.