గోగు చేను నుంచి పలుపు దాకా

గోంగూర పచ్చడి రుచి ఎరగని తెలుగు పిల్లలు అరుదు. ఆ గోగు మొక్క కాండం నుంచే నార వస్తుందనీ, ఆ నారతోనే ఆవును కట్టే పలుపు పేనవచ్చనీ తెలిసినవాళ్లు మాత్రం మా విజయనగరం జిల్లా పల్లెల్లో కూడా తగ్గిపోతున్నారు. ఒకప్పుడు ఇక్కడి జ్యూట్ మిల్లులకు బళ్లకొద్దీ గోగునార వెళ్లేది. గోనెసంచుల చోట ప్లాస్టిక్ సంచులు వచ్చాక చేలు కుదించుకుపోయాయి. చేతిపని నేర్చుకోవడానికి మా చిన్న పొలానికి వచ్చే పిల్లలకు అందుకే మొదట తాడు చూపించం. తలో గుప్పెడు గోగు విత్తనాలు ఇస్తాం.

విత్తేది తొలకరికి. కూరకైతే పలచగా చల్లాలి, నారకైతే ఒత్తుగా. ఒత్తుగా మొలిచిన మొక్కలు వెలుగు కోసం పోటీపడి, కొమ్మలు వేయకుండా నిటారుగా సాగుతాయి. కోతకు నాలుగు నెలలు ఆగాలి. నడుమ ఎర్రటి మచ్చ ఉన్న లేతపసుపు పూలు సగం చేను పూశాక కోస్తాం. కాయ ముదిరేదాకా ఉంచితే నార ముతకబారుతుంది. కోసిన కట్టలను ఆకు రాలేదాకా చేలోనే వదిలేస్తాం. ఆ ఆకంతా నేలకు ఎరువు.

అసలు చదువు చెరువులో మొదలవుతుంది. కాండం మొదలు లావు, కొస సన్నం. అంతా ఒకేసారి ముంచితే మొదలు నానేసరికి కొస కుళ్లిపోతుంది. ముందు కొన్నాళ్లు మొదళ్లు మాత్రమే నీళ్లలో ఉండేలా కట్టలను నిలబెట్టి, ఆ తర్వాతే పడుకోబెట్టి పైన బరువు పెట్టాలి. బరువుకు రాళ్లు మంచివి. మట్టిపెళ్లలు, అరటిబోదెలు పెడితే నార నల్లబడుతుంది. బెరడును పుల్లకు అతికించి ఉంచే జిగురును నీటిలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. ఎన్ని రోజులకు? పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. రెండు వారాలు, కాస్త అటూ ఇటూ. నీరు వెచ్చగా ఉంటే త్వరగా, చలి పడితే ఆలస్యంగా. రోజూ కట్ట మధ్య నుంచి ఒక కాండం లాగి, మొదలు దగ్గర బొటనవేలితో నొక్కి చూడాలి. బెరడు కింది నుంచి కొస దాకా జారివచ్చిందా, ఆ రోజే తీసేయాలి. ఏమరుపాటున ఇంకొన్నాళ్లు ఉంచితే నార చేతిలోనే తెగుతుంది. వాసన ఘాటుగా ఉంటుంది. తొలిరోజు ముక్కు మూసుకున్న పిల్లలే తర్వాత తర్వాత వాసన పట్టి, ఎంత ఊరిందో చెప్పేస్తారు. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది. ముక్కూ వేళ్లూ పాఠం చదవడం కళ్లారా కనిపిస్తుంది.

నార ఉతికి ఆరేశాక మా ఊరి పెద్దాయన ఒకరు వచ్చి పేనడం నేర్పుతారు. పాయను ఒక వైపు మెలిపెట్టాలి, మెలిపెట్టిన రెండు పాయలను దానికి ఎదురుదిశలో చుట్టాలి. ప్రతి పాయా విడిపోవాలని చూస్తుంది, ఆ ప్రయత్నమే రెండో పాయను బిగిస్తుంది. తాడు బలం అంతా ఈ కుస్తీలోనే ఉంది. "పురి ఒగ్గీకు బాబూ, ఒగ్గీసినావంటే మళ్లీ మొదటికొస్తాది" అంటూ ఆయన పిల్లల వేళ్ల మీద తన వేళ్లు పెట్టి చూపిస్తారు. పిల్లలు ఆయన్ను "మాస్టారూ" అనే పిలుస్తారు. చదువు చెప్పే టీచరుకు ఎంత ఇస్తామో ఆయనకూ రోజుకు అంతే ఇస్తాం. ఈ విషయంలో నేను రాజీపడను. విద్య ఆయనది, సర్టిఫికెట్ లేనంత మాత్రాన వెల తగ్గదు.

నగరాల్లో గంటసేపు జరిగే చేతిపనుల శిక్షణలు నాకు నచ్చవు. కొన్న దారం, తయారుగా ఉన్న చట్రం, చివర ఫొటో. ఆ దారం ఏ నేలలో, ఏ వానకు పెరిగిందో పిల్లలు తెలుసుకోకుండానే ఇంటికి వెళ్లిపోతారు.

చదువు చేతిపని చుట్టూ అల్లుకోవాలని గాంధీజీ 1937లో వార్ధాలో చెప్పారు. జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో పచ్చశాల అనే బడిలో పిల్లలు పాఠాలతోపాటు కుండలు చేయడం, వడ్రంగం నేర్చుకున్నారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని 10 రోజులు కేటాయించి, వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల దగ్గర పని నేర్చుకోమంది. మంచిదే. కానీ ఆ పది రోజులూ వరసగా పెడితే గోగు కట్ట నానడానికి కూడా చాలవు.

ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఆ పది రోజులను పంటకాలం పొడవునా పంచండి. విత్తడానికి ఒకరోజు, కలుపుకు ఒకరోజు, కోతకు, ఊరవేయడానికి, నార తీయడానికి, పేనడానికి తలా ఒకటి రెండు రోజులు. గోగు కాకపోతే మీ ఊళ్లో ఈతాకు ఉంటుంది, వెదురు ఉంటుంది, బంకమన్ను ఉంటుంది. ఆ పని తెలిసిన పెద్దలను బడికి పిలవండి, కుర్చీ వేయండి, వాళ్ల రోజుకు తగిన డబ్బు ఇవ్వండి.