బావి దగ్గర సైనికుడు

ఈస్టరుకి ముందు శ్రమల దినాలు వస్తే మాంసం మానేసేవాళ్లుంటారు, టీవీ కట్టేసేవాళ్లుంటారు. నేను మాత్రం ఆ నలభై రోజుల్లోనే పాత సినిమాలు ముందేసుకుని కూర్చుంటాను. మా ఇంట్లోవాళ్లకి ఇది ఉపవాసంలా కనిపించదు. నేనూ అలాగని వాదించను. పద్ధతి ఒక్కటే: సినిమాకి మూలమైన పుస్తకం ముందు చదవాలి, ఆ తర్వాతే సినిమా. బైబిలు ఎలాగూ చేతికందే దూరంలోనే ఉంటుంది, ఈ రోజుల్లో ఎంచుకునేవన్నీ ఎక్కడో ఒకచోట సువార్తల గుమ్మం తొక్కే సినిమాలే కాబట్టి.

ఈసారి ‘బెన్‌హర్’తో మొదలుపెట్టాను. 1959లో విలియం వైలర్ తీసింది. 11 ఆస్కార్లు, మూడున్నర గంటల నిడివి, రథాల పందెం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. ఆ పందెం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఎన్నిసార్లు చూసినా ఊపిరి బిగబట్టే చూస్తాను, అంతే.

మూలం 1880లో వచ్చిన నవల. రాసిన లూ వాలెస్ అమెరికా అంతర్యుద్ధంలో జనరల్. నవల పూర్తిచేసేనాటికి న్యూమెక్సికో ప్రాంతానికి గవర్నరు. ఓవైపు బిల్లీ ది కిడ్ లాంటి తుపాకీరాయుళ్ల గొడవలు తీరుస్తూ, ఇంకోవైపు శాంటా ఫేలో కూర్చుని సిలువ ఘట్టం రాశాడు. అప్పటికి ఆయన యెరూషలేము గడప తొక్కలేదు. మ్యాపులూ గ్రంథాలూ పరుచుకుని రాశాడు. ఏ చర్చిలోనూ సభ్యుడు కాడు. రైల్లో రాబర్ట్ ఇంగర్‌సాల్ అనే పేరుమోసిన నాస్తికుడి మాటలు విన్నాక, మతం గురించి తనకెంత తక్కువ తెలుసో అర్థమై ఈ పనిని గట్టిగా పట్టుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. అంటే ఈ భక్తి నవలకి సగం పుణ్యం ఒక నాస్తికుడిది. మన ప్రసంగాల్లో ఇంగర్‌సాల్‌కి వందనాలు చెప్పినవాళ్లని ఇంతవరకు వినలేదు.

నవల్లో నజరేతు బావి ఘట్టం ఉంది. ఓడల్లో తెడ్లు వేయడానికి ఈడ్చుకుపోతున్న యూదా బెన్‌హర్‌కి వడ్రంగి యోసేపు కొడుకు నీళ్లు తాగిస్తాడు. వాలెస్ ఇక్కడ మనసు ఆపుకోలేకపోయాడు. ఆ కుర్రాడి జుట్టు రంగు చెప్పాడు, కళ్లు ముదురు నీలమన్నాడు. అది చదువుతుంటే కొత్త సంవత్సరానికి మందిరంలో పంచిపెట్టే క్యాలెండరు బొమ్మ కళ్ల ముందుకొచ్చింది. విచిత్రమేమిటంటే, ఇదే మనిషి 1899లో నవలని నాటకం వేసుకోవడానికి ఒప్పుకున్నప్పుడు, క్రీస్తు వేషం ఏ నటుడూ కట్టకూడదన్నాడు. దాంతో స్టేజీ మీద నిజం గుర్రాలు పరుగెత్తాయి గానీ, క్రీస్తు ఉండాల్సిన చోట ఒక వెలుగు కిరణం మాత్రం వేశారు.

వైలర్ అదే బావి దగ్గర ఏం చేశాడో చూడండి. వరసగా సంకెళ్లతో ఖైదీలు. అందరికీ నీళ్లు పోయిస్తున్నారు, యూదాకి మాత్రం వద్దంటాడు రోమన్ దళనాయకుడు. యూదా నేలమీద పడిపోతాడు. ఎవరో వచ్చి అతని తల నిమిరి, మొహాన నీళ్లు చల్లి, తాగిస్తారు. మనకి కనిపించేది ఆ చెయ్యి, భుజం, వెనక జుట్టు. దళనాయకుడు కొరడా పట్టుకుని అరుస్తూ వస్తాడు. నీళ్లిచ్చిన మనిషి లేచి నిలబడతాడు. మనం ఆయన వీపు వైపున్నాం, సైనికుడు ఎదురుగా. అంత పొగరుబోతూ ఒక్కసారి మాట మింగేస్తాడు. చూపు తిప్పుకుంటాడు, పక్కకి రెండడుగులు వేస్తాడు, ఉండబట్టలేక మళ్లీ వెనక్కి చూస్తాడు. ఏం చూశాడో మనకి తెలీదు, చూశాడని మాత్రం తెలుసు. క్రీస్తుగా నిలబడినవాడు క్లాడ్ హీటర్ అనే ఒపెరా గాయకుడు. సినిమా మొత్తంలో ఆయన మొహం కనపడదు, టైటిల్స్‌లో పేరూ లేదు.

నాలుగు సువార్తలూ తిరగేయండి. బాప్తిస్మమిచ్చే యోహాను ఏం కట్టుకున్నాడో, ఏం తిన్నాడో ఉంటుంది. జక్కయ్య పొట్టివాడని ఉంటుంది. యేసు పొడుగా పొట్టా, చామనఛాయా ఎరుపా, ఒక్క ముక్క ఉండదు. యేసు ఎవరో తెలీదని పేతురు మూడోసారి బొంకాక ప్రభువు వెనక్కి తిరిగి అతన్ని చూశాడని లూకా రాస్తాడు. ఆ చూపులో కోపముందా, జాలి ఉందా అన్నది రాయడు. పేతురు బయటికి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చాడని రాస్తాడు. అల్సేస్‌లో యూదు కుటుంబంలో పుట్టిన వైలర్‌కి ఈ కిటుకు పట్టుబడింది. నవలాకారుడు పూసిన నీలం రంగుని తుడిచేసి, సినిమాని సువార్త పద్ధతికి తెచ్చాడు. భక్తి సినిమాల్లో దేవుడి మొహానికి పడే మేకప్ కష్టంలో సగం ఆయన్ని చూస్తున్నవాళ్ల మొహాల మీద పెడితే చాలని ఆ ఘట్టం చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

ఇటలీ దర్శకుడు పియెర్ పావొలో పాసోలినీ సంగతి ఇంకా తమాషా. కవి, కమ్యూనిస్టు, నాస్తికుడు. 1963లో ఒక చిన్న సినిమాలో మతాన్ని అవమానించాడని ఇటలీ కోర్టు శిక్ష కూడా వేసింది. అంతకుముందు ఏడాది అస్సీసీలో ఒక క్రైస్తవ సంస్థకి అతిథిగా వెళ్లాడు. పోపు 23వ జాన్ వస్తున్నారని ఊరంతా జనం కిక్కిరిసిపోవడంతో గదిలోనే ఉండిపోయి, అక్కడున్న సువార్తలు తీసి ఏకబిగిన చదివేశాడు. 1964 నాటికి ‘మత్తయి సువార్త’ సినిమాగా వచ్చింది, ఆ పోపు జ్ఞాపకానికే అంకితంగా. పాలస్తీనా వెళ్లి చూస్తే అది అప్పటికే బాగా ఆధునికంగా మారిపోయి ఉంది. అందుకని దక్షిణ ఇటలీలో, మతేరా గుహ ఇళ్ల మధ్య తీశాడు. మాటలన్నీ మత్తయివే, సొంతంగా రాసిన డైలాగు లేదు. క్రీస్తుగా బార్సిలోనా నుంచి వచ్చిన ఎన్రీకే ఇరాసోకీ అనే విద్యార్థి. నడుస్తూ నడుస్తూ, వెనక వస్తున్న శిష్యులవైపు తల తిప్పి గబగబా బోధించే క్రీస్తు.

ఆయన మొహం దాచలేదు పాసోలినీ. అయినా ఆ సినిమా ఎక్కడ మొదలవుతుందో చూడండి. మరియ మొహం, చాలాసేపు. తర్వాత యోసేపు మొహం. మళ్లీ మరియ, ఈసారి నిండు గర్భిణి. మాటల్లేవు. యోసేపు వెనుదిరిగి వెళ్లిపోతాడు. నీతిమంతుడు గనుక రహస్యంగా విడిచిపెడదామనుకున్నాడని మత్తయి చెప్పిన ఒక్క వాక్యం, ఇక్కడ ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకోవడంగా మారింది. ఆ వచనం మీద నేను విన్న ప్రసంగాలు చాలానే ఉన్నాయి. యోసేపుకి ఎంత అవమానంగా ఉండి ఉంటుందో ఈ సినిమా చూశాకే తట్టింది.

చివర్లో సిలువ దగ్గర ముసలి మరియగా నటించింది పాసోలినీ కన్నతల్లి సుసన్నా. ఆమె చిన్నకొడుకు గ్విదో 1945లో, పంతొమ్మిదేళ్ల వయసులో, ఫాసిస్టు వ్యతిరేక ప్రతిఘటన దళాల మధ్య వైరానికి బలయ్యాడు. ఆ ఏడుపులో నటన ఎంతో, కానిదెంతో లెక్కతేల్చడం నా వల్ల కాదు. 1975లో పాసోలినీ కూడా హత్యకు గురయ్యాడు. అప్పటికీ ఆవిడ బతికే ఉంది.

ఇంతసేపూ మొహం చూపించొద్దన్నట్టు మాట్లాడి ‘కరుణామయుడు’ ఊసెత్తకపోతే తెలుగు క్రైస్తవులెవరూ నన్ను క్షమించరు. 1978లో భీమ్‌సింగ్ దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమా చాలా ఊళ్లలో ప్రభువుకి ఒక మొహం ఇచ్చేసింది. అది విజయచందర్ గారి మొహం. ప్రకాశం పంతులు గారి మనవడు క్రీస్తై, ఆ తర్వాత 1986లో షిర్డీ సాయిబాబా కూడా అయి, రెండు చోట్లా దణ్ణాలు పెట్టించుకోవడం మన దేశంలోనే సాధ్యం. మా ఊళ్లో మందిరం ముందు తెర కట్టి, ప్రొజెక్టరు పెట్టి వేసేవారు. తెరకి ఇటుపక్క చోటు దొరకనివాళ్లు అటుపక్క కూర్చుని కుడిఎడమలు తారుమారుగా చూసేవాళ్లు. మా నాయనమ్మకి చదువు రాదు, కథ మాత్రం పొల్లుపోకుండా వచ్చు. కొరడా దెబ్బల దగ్గరికొచ్చేసరికి కొంగు మొహం మీదికి లాక్కుని, “అయిపోయిందేంట్రా?” అని నన్ను అడుగుతుండేది. అవకపోయినా అయిపోయిందనేవాణ్ని. కొంగు తీసి చూసి, మళ్లీ కప్పుకుని, నా వీపున ఒక్కటిచ్చేది. సినిమాలో ఆ ఘట్టం ఎలా తీశారో ఇవాళ అడిగితే సరిగా చెప్పలేను. నాయనమ్మ కొంగు అంచు మాత్రం చెప్పగలను.

ఈ ఏడాది చివరికి మిగుల్చుకున్నది రొబేర్ బ్రెస్సోన్ 1951లో తీసిన ‘పల్లెటూరి ఫాదిరీ డైరీ’. దానికి మూలం జార్జ్ బెర్నానోస్ 1936 నాటి నవల. ఇందులో క్రీస్తు కనపడడు, అద్భుతమూ ఉండదు. కడుపు జబ్బుతో ద్రాక్షసారాలో నానేసిన రొట్టె తప్ప ఏదీ ఇమడని ఒక కుర్ర ఫాదిరీ, ఆయన్ని లెక్కచేయని ఊరు. నోటుపుస్తకం మీద రాస్తున్న చెయ్యి కనపడుతుంది, రాసింది ఆయన గొంతులో వినపడుతుంది, ఆ తర్వాత అదే జరుగుతుంది. సినిమా చూస్తున్నామా, పుస్తకం చదువుతున్నామా అన్నట్టుంటుంది. కొడుకు పోయిన దుఃఖంలో ఏళ్లతరబడి దేవుడితో మాట్లాడ్డం మానేసిన జమీందారిణి, వాడి గుర్తుగా దాచుకున్న లాకెట్టుని నిప్పుల్లోకి విసిరేస్తే, ఈయన చెయ్యి పెట్టి బయటికి తీస్తాడు. ఆ ఘట్టం కోసం మిగతా సినిమా ఎంత నెమ్మదిగా నడిచినా ఓర్చుకోవచ్చు. నిజం చెప్పాలంటే నెమ్మదే.

మట్టల ఆదివారం ముందు శనివారం రాత్రి మందిరంలో ఏదైనా సినిమా వేద్దామని యూత్ పిల్లలు అడుగుతున్నారు. నేను పాసోలినీ పేరు చెప్పాను. “మంచిదే గాని బ్రదర్, నలుపు తెలుపు, పైగా ఇటాలియన్. జనం కూర్చోవాలిగా” అన్నారు పాస్టరు గారు. “మాటలన్నీ మత్తయివేనండి అయ్యగారూ, బైబిలు పట్టుకుని ఒకరు మైకులో చదివితే సరిపోతుంది” అన్నాను. రెండుంబావు గంటలు దాటే సినిమా. అందులో పాసోలినీ కొన్ని అధ్యాయాలు ముందువెనకలు చేశాడు, కొన్ని వదిలేశాడు. కాబట్టి చదివేవాళ్లు ఒకరు, పేజీలు వెతికి పెట్టేవాళ్లు ఇంకొకరు కావాలి. ఇంటర్ చదివే ఒక అమ్మాయి చదవడానికి ఒప్పుకుంది. పేజీలు తిప్పే పని నాకే పడేలా ఉంది.